రాజోలు దీవి: నది దాటి వచ్చిన పచ్చదనం

రాజోలుకు పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలిన గోదావరి పి.గన్నవరం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు వైపు వెళ్తే, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు పాయల మధ్య చిక్కిన నేలను కంపెనీ కాలపు రికార్డుల్లో నగరం దీవి అని రాశారు. రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల ఊళ్లు దీని మీదివే. పాలకొల్లు వైపు నుంచి వచ్చేవాళ్లు దిండి దగ్గర వంతెన దిగగానే రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి తోటలు చూసి, ఈ సీమకు ప్రకృతి ఇచ్చిన వరం ఇది అంటారు. పత్రికలూ, సినిమాలూ, పర్యాటక శాఖ బోర్డులూ అదే మాట చెబుతాయి. ఆ మాటలో అభిమానం ఉంది గానీ చరిత్ర లేదు. మూడు దిక్కులా నీళ్లున్న ఈ దీవిలో పంటకు నమ్మకమైన నీరు లేని కాలం ఒకటుంది. నూట డెబ్బై ఏళ్ల కిందట ఒక కాలువ నది మీదుగా దాటి వచ్చాకే ఇక్కడి పల్లపు భూములు వరి మాగాణులయ్యాయి. అంటే రాజోలు పచ్చదనం మనుషులు చేసింది, ఏటేటా చేస్తూ ఉంటేనే నిలిచేది. ఈ సంగతి ఒప్పుకోవడం ఎందుకు అవసరమంటే, వరం అనుకున్నదానికి ఎవరూ మరమ్మతులు చేయరు.

ముందు నేల సంగతి చూద్దాం. కోనసీమ అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం వెనక్కి నెట్టిన ఇసుక కలిసి గత ఆరేడు వేల ఏళ్లలో తయారైన నేల. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా పాత ఒడ్డు ఒక ఇసుక మెరకగా మిగిలింది. అందుకే తీరానికి సమాంతరంగా ఒక మెరక, ఒక పల్లం, మళ్లీ ఒక మెరక వస్తాయి. ఊళ్లూ, తోటలూ, గుళ్లూ మెరకల మీద కట్టుకున్నారు, వరి పల్లంలో వేశారు. సఖినేటిపల్లి, మలికిపురం దాటి తీరం వైపు వెళ్లేకొద్దీ ఇసుక నేలలో జీడిమామిడి, సరుగుడు కనిపిస్తాయి. మోరి జీడిపప్పుకు పేరొచ్చింది ఆ ఇసుక వల్లే. ఇదంతా సముద్ర మట్టానికి కొద్ది అడుగులు మాత్రమే ఎత్తున్న నేల. వేసవిలో గోదావరి ప్రవాహం తగ్గగానే పోటు నీరు రెండు పాయల్లోకీ ఎగదన్ని, నది ఉప్పుటేరు అవుతుంది. ఆ నెలల్లో ఒడ్డున నిలబడ్డ రైతుకు ఎదురుగా మైలు వెడల్పు నీళ్లు కనిపిస్తాయి, అందులో ఒక్క బిందె కూడా పొలానికి పనికిరాదు. భూమి లోపల కూడా అంతే. ఇసుకలో ఇంకిన తీపి నీరు పైన పలచటి పొరగా ఉంటుంది, దాని కింద ఉప్పు నీరు ఉంటుంది. పై పొర పలచబడితే కింది ఉప్పు పైకి వస్తుంది. ఈ దీవి వ్యవసాయం మొత్తం ఆ పొరను కాపాడుకోవడం మీదే ఆధారపడింది. కొబ్బరి వేళ్లు తాగేది ఆ పొరనే, పెరటి బావిలో ఊరేదీ ఆ పొరే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. కాలువలు రాకముందు కోనసీమ ఎడారా? కాదు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లోనే హైహయ వంశపు రాజులు కోన మండలాన్ని పాలించారు. కొత్తపేట పక్కన పలివెల కొప్పులింగేశ్వరాలయం, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఆలయం, ఊరూరా అగ్రహారాలు ఈ నేల కొంతమందికైనా బాగా తిండి పెట్టిందని చెబుతాయి. పంట మిగులు లేనిచోట అంత రాతి పని జరగదు. అంతర్వేది నరసింహస్వామి గుడిని 1823లో కోపనాతి కృష్ణమ్మ అనే అగ్నికుల క్షత్రియుడు తిరిగి కట్టించాడు. అంటే ఆనకట్టకు ముప్పై ఏళ్ల ముందే పడవల వ్యాపారంలో ఇక్కడివాళ్ల చేతిలో డబ్బుంది. వశిష్ఠకు అవతల నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దంలోనే గిడ్డంగి పెట్టారు. అక్కడి బట్ట ఆ ఊరి పేరుతోనే యూరప్ బజార్లలో అమ్ముడైంది. తూర్పున బెండమూర్లంకలోనూ వాళ్ల వర్తక స్థావరం ఉండేది. ఇక లంక పొగాకు సంగతి సరేసరి. వరద తీసిన లంకల మీద కొత్త ఒండ్రులో పండిన ఆ ఆకుతో చుట్టిన చుట్టలు మద్రాసు రాజధాని అంతటా పేరు పడ్డాయి, ఇంగ్లండు దాకా వెళ్లాయి. 1890లో కోనన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవలలో డిటెక్టివు బూడిద చూసి గుర్తుపట్టగలనని చెప్పే చుట్టల్లో మన లంక చుట్ట ఒకటి.

కానీ ఈ సాక్ష్యాలన్నీ ఎక్కడివో గమనించాలి. గుళ్లు మెరకల మీద ఉన్నాయి. పొగాకు లంకల్లో పండింది. బట్ట వ్యాపారం రేవుల్లో జరిగింది. నదికి అంటుకుని ఉన్న నేలా, సముద్రానికి ఆనుకుని ఉన్న రేవులూ బాగుపడ్డాయి. మధ్యనున్న విశాలమైన పల్లం మాత్రం వాన పడితే పండేది, లేకపోతే బీడుపడేది. మేఘం మీద ఆధారపడ్డ ఆ బతుకు ఎంత బలహీనమైందో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బయటపడింది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల మగ్గాలు ఆగిపోయాయి. 1832–33 నందన కరువు తెలుగు కోస్తాను తుడిచిపెట్టింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన కోరంగి రేవును మింగేసింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలుండగా, ఇరవై ఏళ్లలో 5 లక్షల 61 వేల దగ్గరికి పడిపోయింది. పక్కనే దేశంలోకెల్లా పెద్ద నదుల్లో ఒకటి పారుతుండగా జిల్లాలో నాలుగో వంతు మనుషులు లేకుండా పోయారు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఆ జిల్లా దుస్థితి మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు, దాని వెనకాలే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. అగ్రహారాల వైభవాన్ని గుర్తు చేసుకునే మనం ఈ అంకెను కూడా గుర్తుపెట్టుకోవాలి. ప్రకృతి ఒక్కటే ఈ సీమను పోషించగలిగి ఉంటే ఆ లక్షన్నర మందికి పైగా జనం ఏమయ్యారో చెప్పాల్సి ఉంటుంది.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్టతో నీటిమట్టం లేచింది, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు తవ్వారు. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయలుదేరి, ఆత్రేయపురం పక్కనున్న లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోతుంది. అమలాపురం, ముక్తేశ్వరం వైపు నీరు వెళ్లడానికి పెద్ద అడ్డంకి లేదు, నేల వాలుననుసరించి కాలువ నడిపిస్తే చాలు. రాజోలు దీవికి మాత్రం అలా కుదరదు. మధ్యలో వైనతేయ ఉంది. నదిని దాటకుండా కాలువ దీవిలోకి రాలేదు, నదిలో కలిపితే తీపి నీరు ఉప్పుటేట్లో పోసినట్టే. అందుకే పి.గన్నవరం దగ్గర నది మీద వంతెన కట్టి, ఆ వంతెన మీద కాలువను నడిపించారు. అదే గన్నవరం అక్విడెక్టు. 1850ల మొదట్లో, లెఫ్టినెంట్ హేగ్ అనే యువ ఇంజినీరు ఆధ్వర్యంలో దాన్ని కట్టారు. కాటన్ దగ్గర ఓవర్సీరుగా ఉండి కూలీలను కూడగట్టడంలో, పని నడిపించడంలో ఆరితేరిన వీణెం వీరన్న ఈ కట్టడానికీ వెన్నుదన్నుగా నిలిచాడు.

ఆ కట్టడాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే దీవి చరిత్ర మొత్తం అందులో ఉంది. 49 ఖానాలు, ఒక్కో ఆర్చీ వెడల్పు 40 అడుగులు. ఖాళీలు కలిపితేనే దాదాపు 2 వేల అడుగులు, స్తంభాలు అదనం. కింద గట్టి రాతి పునాది లేదు, గోదావరి ఇసుక పరుపే. పైన బరువు గోడలదీ మనుషులదీ మాత్రమే కాదు, నిండుగా పారే ఒక కాలువది. కింద వరద వచ్చి గుద్దుతుంది, పైన నీరు అణుస్తుంది, అయినా ఒక్క ఖానా కుంగకూడదు, ఎక్కడా చెమ్మ కారి సున్నం విడిపోకూడదు. పనికి దొరికే కాలం కూడా తక్కువ. వరద తీసిన తరవాత మొదలుపెట్టి, జూన్‌లో ఎర్రనీరు వచ్చేలోపు స్తంభాలు నీటిమట్టం దాటకపోతే చేసిన పనంతా కొట్టుకుపోతుంది. అందుకే ప్రధాన నిర్మాణాన్ని ఒక్క పని కాలంలోనే గట్టెక్కించారు. సిమెంటు, ఇనుము, యంత్రాలు లేని రోజుల్లో ఇటుక, రాయి, సున్నం, వేలమంది చేతులతో జరిగిన పని ఇది. ఒకటిన్నర శతాబ్దం ఆ 49 ఖానాలూ దీవికి నీళ్లు మోశాయి. తరవాత పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఏరు దాటి ఎవరొచ్చినా అన్నం పెట్టింది. దీవికి తిండి పెట్టే కట్టడానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

కాలువ దాటి వచ్చాక దీవి రూపం మారింది. పల్లం భూముల్లో వానాకాలపు వరి సార్వా ఖాయమైంది, తరవాతి కాలంలో రెండో పంట దాళ్వా కూడా తోడైంది. ఇది అందరూ చెప్పేదే. కానీ కొబ్బరికి కాలువ చేసిన మేలు గురించి అంతగా చెప్పుకోరు. కొబ్బరి తోటకు కాలువ నీరు నేరుగా పెట్టకపోయినా, పంట కాలువల నుంచీ, బోదెల నుంచీ, నీరు నిలిచిన వరిచేల నుంచీ ఊరిన తీపి నీరే భూమి లోపలి ఉప్పును కిందికి అణచి ఉంచుతుంది. మెరక మీది తోట, పల్లంలోని చేను వేరు వేరు అనుకుంటాం గానీ చేను తడిగా ఉంటేనే తోట పచ్చగా ఉంటుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు దేశమంతా తెలిసిందంటే ఈ నీటి లెక్క దాని వెనక ఉంది. తాగునీరు కూడా కాలువదే. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు ప్రతి ఊరూ తన మంచినీటి చెరువు నింపుకోవడం నేటికీ జరుగుతోంది. జూన్‌లో మళ్లీ నీరు వదిలేదాకా ఊరికంతా ఆ చెరువే ఆధారం. కాలువే రోడ్డు కూడా అయింది. రైలు ఈ దీవికి ఇంతవరకూ రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు పాతికేళ్లుగా సాగుతూనే ఉన్నాయి. దిండి–చించినాడ వంతెన ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది, అప్పటిదాకా అక్కడ నది దాటించే పంటు ఒక్కటే దిక్కు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లేవాళ్లు ఇప్పటికీ పంటు ఎక్కుతున్నారు. అలాంటి చోట ధాన్యమూ, కొబ్బరీ, పెళ్లి బృందాలూ లాకులు దాటుకుంటూ పడవల మీద రాజమండ్రి దాకా వెళ్లగలిగాయంటే, ఊరికి బయటి లోకాన్ని చూపించింది కూడా కాలువే.

ఇక్కడ ఇంకో అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఇదంతా కాటన్ దొర మహిమ అని మనం ఒకరికే కట్టబెడుతున్నామా? కంపెనీ ప్రభుత్వం డబ్బు పెట్టింది శిస్తు కోసమే గదా? నిజమే, మద్రాసు ప్రభుత్వానికి ఆదాయం మీద నమ్మకం కుదరకపోతే ఆనకట్ట కాగితం మీదే ఉండేది. పురోహితులు గోదావరి స్నానపు సంకల్పంలో కాటన్ పేరు చేర్చుకున్నారు, ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఆ కృతజ్ఞత కాదనాల్సింది కాదు. కానీ నీరు దీవిలోకి వచ్చాక అందరికీ సమంగా అందలేదు. కాలువ నీరు పొలం ఉన్నవాడి పొలానికే వెళ్లింది. కాలువ తవ్వినవాళ్లు, ఏటా పూడిక తీసినవాళ్లు, గట్టు తెగితే మట్టి మోసినవాళ్లు, కొబ్బరి దింపినవాళ్లు చాలావరకు భూమి లేనివాళ్లు. వాళ్లలో దళితులు ఎక్కువ. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ఆ జీవితాన్ని కళ్లారా చూసి పాలేరు నాటకం రాశాడు. పాలేరు పిల్లవాడు బడికి వెళ్లడం ఒక తిరుగుబాటు అయిన కాలం అది. పద్మభూషణ్ అందుకునేదాకా సాగిన ఆయన ప్రయాణం ఈ దీవి గర్వించదగింది, ఆ నాటకం దీవి జవాబు చెప్పుకోవలసింది. నేటికీ రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి వేలమంది ఆడవాళ్లు ఇంటి పనులకు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్తున్నారు. ఇంత పచ్చటి నేల మీద పుట్టి కూడా బతుకు కోసం ఎడారి దేశం వెళ్లాల్సి వస్తోందంటే, పచ్చదనం ఉండటం వేరు, అది అందరికీ అందడం వేరు అని అర్థం. కాబట్టి ఈ నేలను మనుషులు చేశారు అన్నప్పుడు ఆ మనుషుల్లో పార పట్టినవాళ్లను ముందు లెక్కపెట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డెల్టాలో నీరు తేవడం సగం పని. తెచ్చిన నీటినీ, పడిన వాననూ బయటికి పంపడం మిగతా సగం. పంట కాలువలు మెరక మీదుగా నడుస్తాయి, మురుగు కాలువలు పల్లం వెంబడి నడిచి సముద్రంలోకో ఏటిలోకో దిగుతాయి. ఈ రెండో సగాన్ని మొదటి నుంచీ చిన్నచూపు చూశాం. ఆనకట్టకు విగ్రహం ఉంది, అక్విడెక్టుకు పేరుంది, మురుగు కాలువకు ఏదీ లేదు. నేల వాలు బహు తక్కువ కావడంతో డ్రెయిన్లలో నీరు నెమ్మదిగా కదులుతుంది. గుర్రపుడెక్క, తూడు అల్లుకుంటే ఆ కదలిక కూడా ఆగుతుంది. చివర మొగ దగ్గర సముద్రపు అలలు ఇసుక వేసి దారి మూసేస్తాయి. అక్టోబరులో సార్వా పొట్ట మీదుండగానో, కంకి పాలు పోసుకుంటుండగానో అల్పపీడనం వస్తే, పడిన వాన నాలుగు రోజుల్లో పోవాల్సింది పది రోజులు నిలుస్తుంది. పంట కుళ్లిపోతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, ధాన్యం కొనుగోలు గురించి చాలా చర్చ జరిగింది. రైతులు గట్టిగా అడిగిన మరో మాట డ్రెయిన్లు బాగు చేయమని, కాలువ నీరు ముందుగా వదలమని. జూన్ మొదట్లో నీరు వస్తే నవంబరు తుపాన్లకు ముందే కోత పూర్తవుతుంది. లెక్క అంత సులువు.

మలికిపురం మండలం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి జరుగుతున్నది చూస్తే ఈ నిర్లక్ష్యం ఖరీదు తెలుస్తుంది. మొగ సరిగా లేనప్పుడు మురుగు బయటికి పోదు, పోటు సమయంలో ఉప్పు నీరు మాత్రం లోపలికి ఎక్కుతుంది. ఎక్కిన నీరు గట్టు దాటి తోటల్లో నిలుస్తుంది. కొబ్బరి చెట్టు వెంటనే చావదు, అదే కష్టం. ముందు కింది మట్టలు పసుపెక్కి వాలిపోతాయి, కాయ చిన్నదవుతుంది, గెలకు పిందె నిలవదు. తల చిక్కిపోయి మొవ్వు సన్నబడుతుంది. చివరికి మొవ్వు రాలి మోడు మిగులుతుంది. కేశనపల్లి చుట్టుపక్కల అలా వరసగా నిలబడ్డ మోళ్లు ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూడవచ్చు. 1996 నవంబరు తుపాను కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టినప్పుడు రాష్ట్రం మొత్తం కదిలింది. డ్రెయిన్ ఉప్పుతో ఏళ్ల తరబడి చచ్చిపోతున్న చెట్టుకు అంత సానుభూతి దొరకదు. తుపానును ఆపలేం, ఇసుక మేటను తవ్వగలం. మనవల్ల అయ్యే పని దగ్గరే మనం వెనకబడ్డాం.

సముద్రం వైపు నుంచి వచ్చే ముప్పు ఇంకొకటి ఉంది, దీన్ని డ్రెయిన్ తవ్వకంతో సరిపెట్టలేం. డెల్టాకు ఒండ్రు రోజువారీ తిండి లాంటిది. ధవళేశ్వరం ఆనకట్ట తక్కువ ఎత్తుది కాబట్టి వరద ఒండ్రుతో సహా దాని మీదుగా దూకేది. డెబ్బైల నుంచి ఎగువన గోదావరి మీదా, ఉపనదుల మీదా పెద్ద జలాశయాలు వచ్చాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసి, 1976 నుంచి 2001 వరకు పాతికేళ్లలో గోదావరి డెల్టా తీరం సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని లెక్కకట్టారు. వేల ఏళ్లు ముందుకు జరిగిన తీరం ఇప్పుడు వెనక్కి వస్తోంది. అంతర్వేదిలో అలలు ఊరి వైపు రావడం అక్కడివాళ్లకు కొత్త కాదు. దీనికి తోడు భూగర్భంలోని గ్యాస్. ఎనభైల్లో రాజోలు దగ్గర బావి తవ్వి గ్యాస్ కనుగొన్నప్పటి నుంచి ఈ దీవి దేశ ఇంధన పటంలోకి ఎక్కింది, తాటిపాకలో చిన్న రిఫైనరీ కూడా వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్ తోడితే నేల కుంగుతుందేమోనన్న భయం ఊళ్లలో ఉంది. ఆ భయానికి బహిరంగంగా, కొలతలతో సమాధానం చెప్పాల్సిన బాధ్యత తవ్వేవాళ్లదీ, ప్రభుత్వానిదీ. కొద్ది అడుగుల ఎత్తున్న నేలలో అంగుళం కూడా చిన్న విషయం కాదు.

ఇవన్నీ విని కొందరు, వరి గిట్టనిచోట రొయ్యల చెరువులు తవ్వుకోవడమే మేలు అంటారు. ఎవరి పొలం వాళ్లిష్టం అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ దీవిలో నీటికి సరిహద్దు రాళ్లు లేవు. ఒకరి పొలంలో ఉప్పు నీరు నిలబెడితే అది పక్క చేనులోకి ఊరుతుంది, పక్క తోట బావిలోకి దిగుతుంది. చెరువు నీరు వదిలేది మళ్లీ అదే డ్రెయిన్లోకి. చేను తడిసి ఉంటేనే తోట పచ్చగా ఉంటుందన్న పాత లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. రొయ్య వేసిన రైతును తప్పుపట్టి లాభం లేదు, వరితో నష్టపోయే ఆ దారికి వచ్చాడు. అయితే సొంత భూమి హక్కు పక్కవాడి మంచినీటి పొర దగ్గర ఆగాలి. అలాగే, వరదలను చూపించి ఈ నేలను మనిషి అదుపులో పెట్టలేడని చెప్పేవాళ్లూ ఉన్నారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఏటిగట్లను తెంచి ఊళ్లను ముంచిన మాట నిజం. కానీ ఆ తరవాత గట్లు ఎత్తు చేసి బలపరిచారు. 2022 జూలైలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు లంకలు రోజుల తరబడి మునిగాయి గానీ, బలహీనంగా ఉన్నచోటల్లా జనం రాత్రుళ్లు ఇసుక బస్తాలు వేసి కాపలా కాయడంతో గట్టు వెనకనున్న ఊళ్లు నిలిచాయి. గట్టు చేసే పని ఏమిటో ఈ రెండు వరదలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

కాబట్టి అడగవలసింది స్పష్టంగా అడగాలి. పంట కాలువ మరమ్మతులకు ఎంత శ్రద్ధ పెడతామో డ్రెయిన్లకూ అంతే పెట్టాలి, ఆ పని ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి ఉన్నప్పుడే పూర్తవ్వాలి, టెండర్లు జూన్‌లో పిలిస్తే ఆ ఏడాదికి పని జరగనట్టే. శంకరగుప్తం మొగ లాంటి చోట్ల ఇసుక తవ్వకం ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, ఏటా చేయాల్సింది. తూములకు పోటు నీరు లోపలికి రాకుండా తలుపులుండాలి, ఉన్న తలుపులు పనిచేయాలి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలకు డ్రెయిన్ల మీద కూడా అధికారం, డబ్బు ఇవ్వాలి, ఆ సంఘాల్లో పొలం లేని కూలీలకూ, తోట కౌలుదారులకూ మాట ఉండాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి రైతులు ఈ వేసవిలో కాలువ కట్టేసేలోపే తమ ఊరి డ్రెయిన్ మొగ దాకా నడిచి వెళ్లి చూసి, ఎక్కడెక్కడ ఇసుక మేట వేసిందో రాసి జలవనరుల శాఖ చేతిలో పెట్టాలి.